ఇంటి కంప్యూటర్ ఫైళ్లకు బ్యాకప్: రెండు డిస్కులు, ఒక క్లౌడ్ ఖాతా

“నా ఫైళ్లన్నీ డి డ్రైవ్‌లో ఉన్నాయి, భయం లేదు” అనే మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది. ఆ నమ్మకం ఊరికే పుట్టలేదు. విండోస్ మొరాయించినప్పుడల్లా మెకానిక్ వచ్చి సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేసి వెళ్తాడు, డి డ్రైవ్ జోలికి పోడు. అలా నాలుగైదు సార్లు గడిచాక డి డ్రైవ్ అంటే ఇనప్పెట్టె అన్న భావన స్థిరపడిపోయింది. నిజానికి చాలా ల్యాప్‌టాప్‌లలో సి, డి రెండూ ఒకే డిస్కును విడగొట్టిన రెండు భాగాలు. ఆ డిస్కు చెడితే రెండూ ఒకేసారి పోతాయి. ల్యాప్‌టాప్‌ను దొంగ ఎత్తుకుపోతే రెండూ వాడి వెంటే పోతాయి.

ఫైలు పోయే దారులు ప్రధానంగా నాలుగు: డిస్కు చెడిపోవడం, మనమే పొరపాటున చెరిపేయడం, వైరస్ పాడుచేయడం, ఇంటికే ఆపద రావడం. ఏ ఉపాయమూ ఒంటరిగా నాలుగింటినీ ఆపలేదు. అందుకే ఎక్కడైనా కాపీ పెట్టేటప్పుడు “ఈ కాపీ దేనికి తట్టుకుంటుంది, దేనికి తట్టుకోదు?” అని అడుగుతూ పోవాలి. కింద చెప్పబోయే ప్రతి మెట్టూ ఆ ప్రశ్నకు జవాబే.

ఇక్కడి సూచనలు విండోస్ 11 ఉన్న ఇంటి ల్యాప్‌టాప్‌కు సంబంధించినవి. విండోస్ 10లోనూ దాదాపు ఇవే పనిచేస్తాయి. అయితే దానికి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది కాబట్టి ఇంకా అదే వాడుతున్నవారు ఈ పనిని వాయిదా వేయకపోవడం మంచిది. మ్యాక్ ఉన్నవారికి 2007 నుంచీ టైమ్ మెషిన్ అనే ఏర్పాటు అందులోనే వస్తోంది. డిస్కు తగిలించి దాన్ని ఆన్ చేస్తే నాలుగో మెట్టు పని అయిపోతుంది, మిగతావి వారికీ వర్తిస్తాయి.

1. ఏవి కాపాడాలో తేల్చుకోండి

అన్నీ కాపీ చేసేద్దామనుకుంటే పని సగంలో ఆగిపోతుంది. డౌన్‌లోడ్ చేసుకున్న సినిమాలు, సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాలర్లు మళ్లీ దొరుకుతాయి, వదిలేయండి. ఆధార్, డ్రైవింగ్ లైసెన్స్ లాంటివి డిజీలాకర్ నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చు. తిరిగి రానివి వేరే ఉన్నాయి: పిల్లల చిన్ననాటి ఫొటోలు, పెళ్లి వీడియోలు, స్కాన్ చేయించిన పాత దస్తావేజులు, సొంతంగా రాసుకున్న కథలు, డైరీలు, దుకాణం లెక్కలు. ఈ శ్రమంతా వీటి కోసమే.

అవి ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకడం తర్వాతి పని. డాక్యుమెంట్స్, పిక్చర్స్ చూసి ఊరుకోవద్దు. డెస్క్‌టాప్ మీద పడేసినవి, డౌన్‌లోడ్స్‌లో మరిచిపోయినవి, డి డ్రైవ్‌లో ‘న్యూ ఫోల్డర్’ పేరుతో ఉన్నవి అన్నీ తెరిచి చూడండి. టాలీ వాడేవారి లెక్కలు సాధారణంగా డాక్యుమెంట్స్‌లో ఉండవు. కంపెనీ డేటా ఏ ఫోల్డర్‌లో ఉందో టాలీలోనే కనిపిస్తుంది, ఆ చిరునామా రాసిపెట్టుకోండి. దొరికినవన్నీ ఒకే పెద్ద ఫోల్డర్ కిందికి చేర్చగలిగితే ముందున్న పనంతా తేలికవుతుంది. టాలీ డేటాను మాత్రం ఉన్నచోటు నుంచి కదపకండి.

తెలుగు టైపింగ్ చేసిన ఇళ్లకు ఇక్కడ ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పాతికేళ్లుగా మన పుస్తకాలు, కరపత్రాలు, పెళ్లి పత్రికలు, సావనీర్లు ఎక్కువగా పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రామ్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో తయారయ్యాయి. ఆ ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ అర్థమయ్యే ఉమ్మడి అక్షర సంకేతాల పద్ధతి) కావు. ఫైలులో నిజానికి ఉండేవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే, ఫాంట్ ఉన్నచోటే అవి తెలుగుగా కనిపిస్తాయి. ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు వస్తాయి. పైగా పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత అడోబీ దాన్ని ముందుకు తీసుకెళ్లలేదు. అంటే ఫైలును ఎంత భద్రంగా దాచినా, దాన్ని చదివే సాధనం లేకపోతే దాచినట్టు కాదు.

కాబట్టి అలాంటి రాతలు ఉంటే పేజ్‌మేకర్ ఫైలుతో పాటు మరి కొన్ని దాచండి. ఒకటి, అదే పుస్తకం పీడీఎఫ్. ఫాంట్లు అందులోనే పొదిగి ఉండాలి, ఆ ఫాంట్ లేని ఫోనులో తెరిచి చూస్తే పొదిగిందో లేదో తెలిసిపోతుంది. రెండు, మీరు కొనుక్కున్న ఫాంట్లు, వాటి ఇన్‌స్టాలర్, లైసెన్స్ వివరాలు. మూడు, పేజీల్లో వాడిన బొమ్మల ఫైళ్లు. పేజ్‌మేకర్ చాలాసార్లు బొమ్మను తనలో దాచుకోదు, ఫలానా చోట ఉందని గుర్తుపెట్టుకుంటుంది అంతే. అందుకే ఒక్క ఫైలును కాక ఫోల్డర్ మొత్తాన్ని కాపీ చేయాలి. ఓపిక ఉంటే పాఠాన్ని యూనికోడ్‌లోకి మార్పించి వర్డ్ ఫైలుగా కూడా ఉంచండి. మార్పిడిలో ఒత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు అక్కడక్కడ తప్పుతాయి కనుక ఒకసారి ప్రూఫు దిద్దుకోక తప్పదు. తాతగారి పద్యాలు ఇంట్లో ఎవరో డీటీపీ చేయించి ఉంటే, వాటిని ఈ వారమే పీడీఎఫ్ చేయించమని చెబుతాను. ఆ పాత కంప్యూటర్ ఎన్నాళ్లు పనిచేస్తుందో చెప్పలేం.

2. ఎన్ని కాపీలు, ఎక్కడ

అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇంటికి సరిగ్గా సరిపోతుంది. అసలుతో కలిపి మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, అందులో ఒకటి ఇంటి బయట. మన భాషలో చెప్పాలంటే ల్యాప్‌టాప్‌లో అసలు, బీరువాలో ఒక డిస్కు, వేరే ఊళ్లో ఇంకో డిస్కు. అతి ముఖ్యమైన కొద్దిపాటి ఫైళ్లు క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ ద్వారా వేరే సంస్థ కంప్యూటర్లలో, కూడా.

ఇంటి బయట ఎందుకు అని అడిగేవారు విజయవాడను గుర్తు చేసుకోవాలి. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, దాని చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. కింది అంతస్తు ఇంట్లో ల్యాప్‌టాప్ ఒక గదిలో, బ్యాకప్ డిస్కు పక్క గదిలో పెట్టినా ప్రయోజనం లేదు, నీళ్లకు గదులతో పని లేదు. పక్క వీధిలోని బంధువుల ఇల్లు కూడా ఇలాంటప్పుడు చాలదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుపాను విశాఖ నగరం మొత్తాన్ని ఒకేసారి దెబ్బతీసింది. వేరే ఊళ్లో ఉన్న అన్నయ్యో ఆడపడుచో ఈ పనికి తగినవాళ్లు. పండగలకు రాకపోకలు ఎటూ ఉంటాయి, ఆ రాకపోకల్లోనే డిస్కు మార్చుకోవచ్చు. పిల్లలు అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే వాళ్లు వచ్చి వెళ్లేటప్పుడు ఒక డిస్కు ఇచ్చి పంపండి, మీకు వేరే కాపీ, వాళ్లకు చిన్ననాటి ఫొటోలు.

3. డిస్కు కొనడం

మీ ఫైళ్ల మొత్తానికి రెట్టింపు పట్టే ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు రెండు కొనండి. పాత రూపాలు కూడా దాచాలి కనుక ఆ ఖాళీ అవసరం. రెండూ ఒకే రోజు, ఒకే మోడల్ కొనకపోతే మేలు. ఒకే విడతలో తయారైనవాటికి ఒకే లోపం ఉండే అవకాశం ఉంటుంది.

ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని చిప్ డిస్కు) వేగంగా ఉంటుంది, కింద పడినా తట్టుకుంటుంది. కానీ కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెట్టేందుకు అది తగినది కాదు, అందులోని సమాచారం విద్యుదావేశం రూపంలో ఉంటుంది, అది మెల్లగా కారిపోగలదు. దాచి ఉంచడానికి తిరిగే హార్డ్ డిస్కే నా ఎంపిక. పెన్ డ్రైవ్‌లను ఫైళ్లు మోసుకెళ్లడానికి వాడండి, దాచడానికి వద్దు. ఆన్‌లైన్‌లో నమ్మలేనంత చవకగా కనిపించే ‘2 టీబీ’ పెన్ డ్రైవ్‌లు చాలావరకు మోసం. లోపల ఉన్నది కొద్దిపాటి స్థలమే, కంప్యూటర్‌కు మాత్రం 2 టీబీ అని చెప్పేలా వాటిని మార్చి ఉంటారు. నిండాక వేసే ఫైళ్లు గాలిలో కలుస్తాయి, కాపీ అయినట్టే కనిపిస్తుంది.

డిస్కు ఫార్మాట్, అంటే అందులో ఫైళ్లను అమర్చే పద్ధతి, ఏదని చూడండి. విండోస్‌కు మాత్రమే వాడేటట్టయితే ఎన్‌టీఎఫ్ఎస్ ఉంచండి. విండోస్, మ్యాక్ రెండింటికీ తగిలించాలంటే ఎక్స్‌ఫ్యాట్ కావాలి, అయితే రాస్తూ ఉండగా కరెంటు పోతే ఎక్స్‌ఫ్యాట్ తొందరగా చెదిరిపోతుంది. ఫ్యాట్32 వద్దు, అందులో 4 జీబీ మించిన ఒక్క ఫైలు పట్టదు, పెళ్లి వీడియో అక్కడే ఆగిపోతుంది.

4. మొదటి డిస్కు: ఫైల్ హిస్టరీ

విండోస్‌లో ఫైల్ హిస్టరీ అనే పాత, మంచి ఏర్పాటు ఉంది, ఫైళ్ల కాపీలను, వాటి పాత రూపాలను అది తనంతట తానే వేరే డిస్కులో దాస్తుంది. కొత్తగా వచ్చిన ‘విండోస్ బ్యాకప్’ యాప్ వేరు, అది మీ ఫైళ్లను మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్‌కు పంపుతుంది, అక్కడ ఉచితంగా దొరికేది 5 జీబీ. మనకు కావలసింది ఫైల్ హిస్టరీ.

డిస్కు తగిలించండి. స్టార్ట్ మెనూలో కంట్రోల్ ప్యానెల్ వెతికి తెరవండి. ‘సిస్టమ్ అండ్ సెక్యూరిటీ’లో ‘ఫైల్ హిస్టరీ’ ఉంటుంది. మీరు తగిలించిన డిస్కు పేరు కనిపిస్తే ‘టర్న్ ఆన్’ నొక్కండి. వేరే డిస్కు కనిపిస్తే ఎడమవైపు ‘సెలెక్ట్ డ్రైవ్’లో మార్చుకోండి. ‘అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్’లో గంటకోసారి కాపీ తీయాలని, పాత రూపాలను ఎప్పటికీ ఉంచాలని ముందే పెట్టి ఉంటుంది. ‘ఎప్పటికీ’ని ఒక ఏడాదికి మార్చుకుంటే డిస్కు అంత తొందరగా నిండదు.

డి డ్రైవ్ నమ్మకస్తులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. ఫైల్ హిస్టరీ డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి లైబ్రరీలను, డెస్క్‌టాప్‌ను తనంతట తాను తీసుకుంటుంది కానీ డి డ్రైవ్‌లోని మీ ఫోల్డర్ల వైపు చూడదు. ఆ ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి, ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కి, ‘ఇంక్లూడ్ ఇన్ లైబ్రరీ’ ద్వారా డాక్యుమెంట్స్‌లో చేర్చండి. ఫోల్డర్ ఉన్నచోటే ఉంటుంది, ఫైల్ హిస్టరీకి మాత్రం కనిపిస్తుంది. తర్వాత ‘రన్ నౌ’ నొక్కి మొదటి కాపీని రాత్రికి వదిలేయండి. వేల కొద్దీ చిన్న ఫొటోలు ఉంటే ఒక పెద్ద వీడియో కంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. కరెంటు కోతల కాలమైతే ల్యాప్‌టాప్ చార్జింగ్ నిండాకే మొదలుపెట్టండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండి తీరాలి.

ఈ డిస్కు మొదటి రెండు ఆపదలకు జవాబు. ల్యాప్‌టాప్ డిస్కు చెడినా ఫైళ్లు ఉంటాయి. మొన్న చెరిపేసిన పేరా కావాలంటే ‘రిస్టోర్ పర్సనల్ ఫైల్స్’లో తేదీలవారీగా వెనక్కి వెళ్లి తెచ్చుకోవచ్చు.

5. రెండో డిస్కు: ఊరు దాటేది

దీనికి ఫ్రీఫైల్‌సింక్ అనే ప్రోగ్రామ్ చాలు, ఇంటి వాడకానికి ఉచితం. ఎడమవైపు మీ పెద్ద ఫోల్డర్, కుడివైపు డిస్కులోని ఫోల్డర్ ఎంచుకుని ‘కంపేర్’ నొక్కితే ఏవి కొత్తవో, ఏవి మారాయో చూపిస్తుంది. ఆ తర్వాత ‘సింక్రనైజ్’.

అందులో ‘మిర్రర్’ అనే పద్ధతి ఉంది, అది అటువైపును ఇటువైపులా అచ్చంగా చేసేస్తుంది. అంటే మీరు ల్యాప్‌టాప్‌లో పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపి ఉంటే, మిర్రర్ దాన్ని బ్యాకప్‌లో కూడా చెరిపేస్తుంది. ఎడమ కుడి తారుమారైతే ఖాళీ డిస్కు మీ ఫైళ్ల మీదికి వస్తుంది. అందుకని సెట్టింగుల్లో చెరిపివేత విధానాన్ని ‘వెర్షనింగ్’‌కు మార్చి, దానికి డిస్కులో వేరే ఫోల్డర్ చూపించండి. అప్పుడు చెరిగినవి, మారినవి అన్నీ ఆ ఫోల్డర్‌లోకి చేరతాయి. ‘సింక్రనైజ్’ నొక్కే ముందు చెరిపే ఫైళ్ల సంఖ్య చూడండి, అది అనుమానం కలిగించేంత పెద్దదిగా ఉంటే ఆగండి.

ఈ డిస్కు ఇంకొకరి ఇంట్లో ఉంటుంది, అందులో మీ పాన్, బ్యాంకు పాస్‌బుక్, దస్తావేజుల స్కాన్లు ఉంటాయి. కాబట్టి దానికి తాళం వేయాలి. విండోస్ ప్రో ఉంటే బిట్‌లాకర్‌తో ఎక్స్‌టర్నల్ డిస్కుకు పాస్‌వర్డ్ పెట్టవచ్చు. హోమ్ ఎడిషన్‌లో ఆ సౌకర్యం లేదు, ఉచితంగా దొరికే వెరాక్రిప్ట్ వాడుకోవాలి. బీరువాలోని డిస్కుకు మాత్రం తాళం వద్దంటాను. ఇంట్లో పెద్దవాళ్లకు దొంగల కంటే మరిచిపోయిన పాస్‌వర్డే పెద్ద ప్రమాదం.

ఈ సందర్భంలోనే ఇంకొకటి. చాలా కొత్త విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ కాగానే లోపలి డిస్కును మీకు చెప్పకుండానే ఎన్‌క్రిప్ట్ చేసేస్తాయి, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి మార్చేస్తాయి. రేపు మదర్‌బోర్డు మార్పించినా, డిస్కును తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఇప్పుడే తెరిచి, కాగితం మీద రాసి, దస్తావేజుల సంచిలో పెట్టండి. ల్యాప్‌టాప్ కొన్న దుకాణంలో ఖాతా వాళ్లే తెరిచి ఉంటే ఆ ఖాతా ఎవరి పేరున ఉందో ఇవాళే చూసుకోండి.

6. క్లౌడ్: ఎంతవరకు నమ్మాలి

గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అది జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి. ఇంటి ఫొటోలన్నిటికీ చాలదు, కానీ దస్తావేజుల స్కాన్లు, రాతప్రతులు, లెక్కలకు బాగా సరిపోతుంది. ఆ చిన్న ఫోల్డర్‌ను 7-జిప్ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో పాస్‌వర్డ్ పెట్టి ఒకే ఫైలుగా కట్టి ఎక్కించండి. తెలుగు పేర్లున్న ఫైళ్లు కొన్ని పాత జిప్ ప్రోగ్రాముల్లో ప్రశ్నార్థకాలుగా మారతాయి, 7-జిప్ ఫార్మాట్‌లో ఆ ఇబ్బంది ఉండదు.

గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ లాంటివి స్వభావరీత్యా సింక్ సేవలు. ల్యాప్‌టాప్‌లో చెరిపితే అక్కడా చెరుగుతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత లేదు. వన్‌డ్రైవ్‌లో నీలం మేఘం గుర్తు ఉన్న ఫైలు మీ కంప్యూటర్‌లో లేనే లేదు, పేరు మాత్రమే ఉంది. ముఖ్యమైన ఫోల్డర్ల మీద కుడి క్లిక్ చేసి ‘ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్’ ఎంచుకున్నాకే డిస్కులకు కాపీ చేయండి. మరో సంగతి, రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానాన్ని గూగుల్ 2023 డిసెంబర్ నుంచి అమలు చేస్తోంది. నాన్నగారి పేరున తెరిచి మరిచిపోయిన ఖాతాలో ఫొటోలుంటే ఒకసారి లాగిన్ అయి చూడండి.

ఫోనులోని ఫొటోలను నెలకోసారి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌లోకి దించుకోండి, ‘డీసీఐఎం’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. వాట్సాప్ ఫొటోలు వేరే ఫోల్డర్‌లో ఉంటాయి, ‘గుడ్ మార్నింగ్’ పువ్వులను ఏరేశాక మిగిలేవి కొన్నే.

7. డిస్కును ఊడదీసి పెట్టండి

2017 మేలో వానాక్రై అనే వైరస్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఇలాంటి వైరస్ ఫైళ్లను సంకేత రూపంలోకి మార్చి డబ్బు అడుగుతుంది, అది సి డ్రైవ్‌తో ఆగదు. ఆ సమయంలో తగిలించి ఉన్న ప్రతి డిస్కునూ వెతుక్కుంటుంది. ఎప్పుడూ తగిలించి ఉంచే బ్యాకప్ డిస్కు మూడో ఆపద ముందు నిలవదు.

కాబట్టి వారానికోసారి తగిలించి, కాపీ పూర్తయ్యాక ‘సేఫ్లీ రిమూవ్’ చేసి, కేబుల్ ఊడదీసి, సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టి బీరువాలోకి. వారానికి ఒక రోజు ఖాయం చేసుకోండి, ఏ రోజైనా సరే. డిస్కు మీద తేదీ రాసిన కాగితం అంటిస్తే ఎన్ని వారాలు తప్పాయో ఇంట్లో అందరికీ కనిపిస్తుంది.

8. తిరిగి తెచ్చి చూడండి

2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశారు. వాళ్లకు ఐదు రకాల బ్యాకప్ ఏర్పాట్లు ఉన్నాయి. ఆ రోజు వెళ్లి చూస్తే ఏదీ సవ్యంగా పనిచేయడం లేదు, బ్యాకప్ ఫైళ్లు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. అంతకు ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక కాపీ వాళ్లను గట్టెక్కించింది. సంస్థ ఇదంతా తానే బహిరంగంగా రాసింది. నిపుణులున్న చోటే ఇలా జరిగితే, కాపీ అయిందన్న నమ్మకంతో మనం కూర్చోవడం సరికాదు.

దసరాకు ఆయుధ పూజ నాడు కంప్యూటర్‌కు బొట్టు పెట్టే ఇళ్లు మనకు చాలానే ఉన్నాయి. బొట్టు పెట్టాక ఇదీ చేయండి. బ్యాకప్ డిస్కును మీది కాని కంప్యూటర్‌కు తగిలించండి. ఏళ్లవారీగా కొన్ని ఫొటోలు, ఒక వీడియో చివరి నిమిషం, ఒక స్కాన్, ఒక తెలుగు ఫైలు తెరవండి. టాలీ డేటాను ఖాళీ ఫోల్డర్‌లోకి తెచ్చి కంపెనీ తెరుచుకుంటుందో చూడండి. తాళం వేసిన డిస్కుకు పాస్‌వర్డ్‌ను మీరు కాక ఇంట్లో ఇంకొకరు, కాగితం చూసి కొట్టాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్‌తో డిస్కు ఆరోగ్యం కూడా చూడండి, ‘గుడ్’ కాకుండా ‘కాషన్’ అని వస్తే ఆ డిస్కును నమ్మకుండా కొత్తది తెచ్చుకోండి. లక్షల డిస్కులు నడిపే బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ బ్యాకప్ సంస్థ ఏటా ప్రకటించే లెక్కల్లో చల్లటి గదుల్లో కదలకుండా ఉన్న డిస్కులే ఏడాదికి నూటికి ఒకటి రెండు చొప్పున పోతుంటాయి. సంచుల్లో ఊళ్లు తిరిగే మన డిస్కులకు అంతకంటే మెరుగైన ఆయుష్షు ఆశించలేం, ఐదేళ్లు దాటినవాటిని మార్చేయండి.

9. పోయిన రోజున

డిస్కు టకటకమంటుంటే వెంటనే ఆపేయండి, మళ్లీ మళ్లీ ఆన్ చేసి చూడటం వల్ల లోపలి పళ్లేలు గీసుకుపోతాయి. బ్యాకప్ ఉంటే ఆ డిస్కుతో ఇక పని లేదు. లేని ఫైళ్లు అందులో ఉంటే నేరుగా డేటా రికవరీ చేసేవారి దగ్గరికే తీసుకెళ్లండి.

పొరపాటున చెరిపినదైతే ఆ కంప్యూటర్ వాడకం ఆపండి. రికవరీ ప్రోగ్రామును అదే డిస్కులో ఇన్‌స్టాల్ చేస్తే అది చెరిగిన ఫైలు మీదే కూర్చోవచ్చు. ఎస్‌ఎస్‌డీలో అయితే ట్రిమ్ అనే ఏర్పాటు చెరిగిన చోటును త్వరగా శుభ్రం చేసేస్తుంది కనుక రికవరీ మీద ఆశ పెట్టుకోకుండా బ్యాకప్ తెరవండి.

వైరస్ సోకిందని అనుమానం ఉంటే ఆ ల్యాప్‌టాప్‌కు బ్యాకప్ డిస్కును తగిలించకండి, ఇంటర్నెట్ తీసేయండి. డిస్కు మొత్తాన్ని, డి డ్రైవ్‌తో సహా, తుడిచి విండోస్ కొత్తగా వేయించి అప్‌డేట్లు పూర్తి చేయండి. ఈలోగా వేరే శుభ్రమైన కంప్యూటర్‌లో బీరువా డిస్కు నుంచి మరో కాపీ తీయండి, ఆ క్షణానికి మీ దగ్గరున్నది అదొక్కటే కావచ్చు. ఆ కొత్త కాపీ నుంచే ఫైళ్లను ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకుని, అంతా తెరుచుకుంటోందని చూశాక వేరే ఊరి డిస్కును రప్పించి దానికీ తాజా కాపీ తీసి తిరిగి పంపండి.